68 ఏళ్ల అమ్మకు మోకాలిలో మెనిస్కస్ చిరిగింది, ఆపరేషన్ తప్పదా?

కిటికీ పక్క కుర్చీ:

అందరికీ నమస్కారం. అమ్మ విషయంలో ఎటూ తేల్చుకోలేక రాస్తున్నాను. మీకు గానీ, మీ ఇంట్లో పెద్దవాళ్లకు గానీ ఈ ఇబ్బంది వచ్చి ఉంటే మీరేం చేశారో దయచేసి చెప్పండి.

అమ్మకు 68 ఏళ్లు. ఐదు వారాల కిందట పుస్తకాల బీరువాలో కింది అర సర్దుతూ చాలాసేపు గొంతుక్కూర్చుంది. లేవబోతూ, వెనకున్న పెట్టె కోసం ఓ పక్కకు తిరిగేసరికి కుడి మోకాలు లోపలివైపు కలుక్కుమంది. ఆ పూటంతా పనులు చేసుకుంటూనే ఉంది. మర్నాడు పొద్దున మంచం దిగబోతే కాలు మోపలేకపోయింది. మోకాలు ఉబ్బిపోయి చిప్ప ఎక్కడుందో తెలియలేదు. వారానికి వాపు సగం తగ్గింది కానీ నొప్పి పోలేదు. చదునైన చోట నడిస్తే ఓర్చుకోగలుగుతోంది. మెట్లు దిగడం, కుర్చీలోంచి లేవడం, రాత్రి పక్క మీద ఒత్తిగిల్లడం మాత్రం కష్టంగా ఉన్నాయి.

ఎమ్మారై తీయించాం. మీడియల్ మెనిస్కస్ (మోకాలిలో లోపలివైపు ఉండే మెత్త) వెనుక కొమ్ములో, అంటే వెనక చివర, అడ్డంగా చిరుగు ఉందని, అది అరుగుదల వల్ల వచ్చిందని, కీలులో కొద్దిగా నీరు చేరిందని, ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థి అక్కడక్కడా పలచబడిందని రిపోర్టులో రాశారు. మొదట చూసిన ఎముకల డాక్టరు, చిన్న రంధ్రాలు పెట్టి ఆర్థ్రోస్కోపీతో చిరిగిన ముక్క తీసేస్తే సరిపోతుందన్నారు. వచ్చే నెలకు తేదీ కూడా ఇచ్చారు. రెండో డాక్టరు రిపోర్టును కాసేపే చూశారు, అమ్మను మాత్రం చాలాసేపు చూశారు. నడిపించారు. పడుకోబెట్టి మోకాలు వంచి, తిప్పి, కీలు గీత వెంట వేలితో నొక్కి చూశారు. ఇప్పుడు ఆపరేషన్ వద్దు, మూడు నెలలు శ్రద్ధగా వ్యాయామం చేయించండి అన్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే.

అమ్మకు బీపీ ఉంది, షుగరుకు మాత్ర వేసుకుంటోంది. ‘చిరిగింది’ అన్న మాట విన్నప్పటి నుంచి ఆమె కాలు వంచడమే మానేసింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టూలు మీద కాలు చాపుకుని కూర్చుంటోంది. ‘కదిలిస్తే ఇంకా చిరుగుతుందేమోనే’ అంటుంది. నా దగ్గర జవాబు లేదు. అలా వదిలేస్తే చిరుగు పెద్దదవుతుందా? వ్యాయామంతో అది అతుక్కుంటుందా? అతుక్కోకపోతే నొప్పి ఎలా తగ్గుతుంది? ఆలస్యం చేసి అమ్మ మోకాలిని నేనే పాడుచేస్తానేమోనని భయంగా ఉంది.

అచ్చుగది:

చూడమ్మా, మీ అమ్మగారు కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నారని చదవగానే నా ఐదేళ్ల కిందటి సంగతి గుర్తొచ్చింది. నేనూ సరిగ్గా అలాగే కూర్చున్నాను.

నాకిప్పుడు 71. ముప్పై నాలుగేళ్లు అచ్చుయంత్రం ముందు నిలబడి పనిచేసినవాణ్ని. 66వ ఏట ఒకరోజు కాగితం కట్ట ఎత్తుకుని, పాదం కదపకుండా నడుము మాత్రం తిప్పాను. ఎడమ మోకాలు లోపల ఏదో జారినట్టయింది. నా రిపోర్టు కూడా మీ అమ్మగారి రిపోర్టు లాంటిదే. అందులో ‘చిరుగు’ అన్న మాట తప్ప నాకింకేమీ కనపడలేదు. రెండు వారాలు ఆ కాగితాన్ని దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాను.

నా భయాన్ని తగ్గించింది ఒక లెక్క. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే పట్టణంలో, మోకాలు నొప్పి ఉందా లేదా అని అడగకుండానే 50 నుంచి 90 ఏళ్ల మధ్యవారిని 991 మందిని ఎంపిక చేసి మోకాలికి ఎమ్మారై తీశారు. 2008లో ఆ ఫలితాలు వచ్చాయి. నూటికి 35 మందికి మెనిస్కస్ చిరిగో పాడయ్యో ఉంది. ఆ చిరుగు ఉన్నవారిలో నూటికి 61 మందికి అంతకుముందు నెల రోజుల్లో మోకాలు నొప్పే లేదు! అంటే ఈ వయసులో చిరుగు చాలామందికి ఉంటుంది, వాళ్లలో ఎక్కువమంది ఆ సంగతి తెలియకుండానే తిరుగుతుంటారు. కాబట్టి ఫొటోలో చిరుగు కనపడినంత మాత్రాన ఆ నొప్పంతా దానిదేనని చెప్పలేం. మీ రెండో డాక్టరు రిపోర్టు కన్నా అమ్మగారిని ఎక్కువసేపు చూడటం నాకు అందుకే నచ్చింది.

‘చిరుగు’ అంటే మనకు గుడ్డ చిరిగినట్టు, లాగితే ఇంకా పోయేట్టు తోస్తుంది. నాకు తెలిసింది కాగితం కాబట్టి దాంతోనే చెబుతాను. కొత్త కాగితాన్ని రెండు చేతులతో లాగితే చిరుగుతుంది. ఆటల్లో కుర్రవాళ్లకు అయ్యే చిరుగు అలాంటిది. పాత దస్తావేజు మడత దగ్గర నలిగి నలిగి దానంతట అదే విడిపోతుంది, ఎవరూ లాగక్కర్లేదు. మన వయసులో ఎక్కువగా అయ్యేది ఈ రెండోది. తొడ ఎముకకూ కింది కాలి ఎముకకూ మధ్య నెలవంక ఆకారంలో రెండు మెత్తలుంటాయి, వాటినే మెనిస్కస్ అంటారు. బయటి అంచుకు రక్తం అందుతుంది, లోపలి భాగానికి అందదు. రక్తం అందని చోట, అందులోనూ నలిగిపోయిన చోట కుట్టు వేసినా నిలవదు. అందుకే ఈ వయసులో ఆర్థ్రోస్కోపీ అంటే మామూలుగా కుట్టడం కాదు, చిరిగిన అంచును కత్తిరించి తీసేయడం. ఈ తేడా నాకు మొదట ఎవరూ విడమరచి చెప్పలేదు. ఆపరేషన్ అంటే మెత్తను బాగుచేస్తారనే అనుకున్నాను.

కత్తిరిస్తే నొప్పి పోతుందా అని ఫిన్లాండ్‌లో చాలా గట్టి పరీక్ష చేశారు. మోకాలి అరుగుదల లేకుండా ఇలాంటి చిరుగున్న 146 మందిని తీసుకుని, సగం మందికి నిజంగా కత్తిరించారు, మిగతావారికి పైకి అంతా అలాగే చేసి మెత్తను ముట్టుకోకుండా వదిలేశారు. ఎవరికి ఏది చేశారో వాళ్లకు తెలియదు. ఏడాది తర్వాత రెండు గుంపులవారికీ నొప్పి తగ్గింది, దాదాపు ఒకే మోతాదులో. 2013లో అది అచ్చయింది. ఐదేళ్ల తర్వాత మళ్లీ చూసినా కత్తిరించడం వల్ల అదనంగా ఒరిగినదేమీ లేదు, అరుగుదల కూడా ఆగలేదు. ‘ఆలస్యం చేసి పాడుచేస్తానేమో’ అన్నారే, ఆ భయానికి నా జవాబు ఇదే. మోకాలు మడత పడి ఇరుక్కుపోతే సంగతి వేరు. అలా లేకపోతే మూడు నెలలు ఆగినందువల్ల ఆపరేషన్ దారి మూసుకుపోదు.

ఇక నేను చేసింది. తువ్వాలును చుట్టి మోకాలి కింద పెట్టుకుని, దాన్ని మంచానికేసి నొక్కి అయిదు అంకెలు లెక్కపెట్టమన్నారు. చిన్నపిల్లల ఆటలా ఉందనుకున్నాను. తీరా చూస్తే నా తొడ కండరం కదలలేదు. చిప్పకు పైన, లోపలివైపు రెండు వేళ్లు ఆనించి ఉంచమన్నారు. కుడి కాలు నొక్కితే వేళ్ల కింద రాయిలా బిగిసింది. ఎడమ కాలు నొక్కితే పిండిముద్దలా పడి ఉంది. కీలులో నీరు చేరితే ఆ కండరం అలా మొద్దుబారుతుందట. నాలుగో రోజో అయిదో రోజో వేళ్ల కింద చిన్న అదురు తెలిసింది. ఆరోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

జేబు డైరీలో రోజూ మూడు అంకెలు రాసేవాణ్ని. ఎన్ని నిమిషాలు నడిచాను, ఎన్ని మెట్లు ఎక్కాను, రాత్రి నొప్పితో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది. మూడో వారంలో మూడో అంకె రెండు. ఆరో వారంలో ఒకటి. తొమ్మిదో వారం నుంచి సున్నాలే. నొప్పి రోజురోజుకూ తగ్గదమ్మా, నెల వెనక్కి తిప్పి చూస్తేనే తగ్గినట్టు తెలుస్తుంది. అమ్మగారి చేత డైరీ రాయించండి. రాత్రి పక్కకు తిరిగి పడుకునేటప్పుడు రెండు మోకాళ్ల మధ్య పలచటి దిండు పెట్టుకోమనండి. నొప్పి ఉన్నా సరే రోజూ నడవమనండి, నేను అలాగే నడిచాను.

నడక నేర్పే పని:

పెద్దాయన చెప్పినదాంట్లో చివరి మాట ఒక్కటి మార్చాలి. నేను ఫిజియోథెరపిస్టుని, పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. నొప్పి ఉన్నా నడవవచ్చు, కుంటుతూ మాత్రం నడవకూడదు. కుంటుతూ నడిచిన అరగంట కన్నా సరిగ్గా అడుగు వేసిన ఐదు నిమిషాలు మేలు. కుంటకుండా నడవలేకపోతే కొన్నాళ్లు చేతికర్ర పట్టాలి. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుని వస్తారు. కర్ర, నొప్పి కాలు ఒకేసారి ముందుకు పడాలి.

మీ అమ్మగారు అడిగిన ప్రశ్నకు సూటిగా చెబుతాను. మోకాలు వంచినందువల్ల, నడిచినందువల్ల, మేం చెప్పే వ్యాయామం చేసినందువల్ల ఈ రకం చిరుగు గుడ్డలా పరపరా చిరిగిపోదు. వంచకుండా కూర్చుంటేనే నష్టం. కీలు బిగుసుకుపోతుంది, తొడ కండరం వారాల్లోనే సన్నబడుతుంది, అప్పుడు అడుగు వేసిన ప్రతిసారీ బరువు నేరుగా కీలు మీద పడుతుంది. టేపు తీసుకుని చిప్పకు జానెడు పైన రెండు తొడలూ కొలవండి. ఐదు వారాలకే కుడి తొడ తగ్గి ఉంటుంది.

అతుక్కోకుండా నొప్పి ఎలా తగ్గుతుందని అడిగారు. మెనిస్కస్ లోపలి అంచుకు రక్తం లేనట్టే నరాలు కూడా దాదాపు లేవు. కీలు చుట్టూ ఉన్న పొర వాచడం వల్ల, ఎముక మీద భారం పెరగడం వల్ల ఎక్కువ నొప్పి పుడుతుంది. వాపు చల్లారి, కండరం బరువు మోయడం మొదలుపెడితే, చిరుగు అక్కడే ఉన్నా నొప్పి తగ్గుతుంది.

మొదటి రెండు వారాలు వాపు తగ్గించి మోకాలిని పూర్తిగా చాపగలగడం మీదే దృష్టి పెట్టండి. తువ్వాలు నొక్కడం, మంచం మీద మడమ జార్చుతూ మోకాలు వంచి చాపడం, కాలు తిన్నగా ఎత్తి దించడం చాలు. తర్వాత కాస్త ఎత్తయిన కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం. కూర్చునేటప్పుడు ధబుక్కున పడకూడదు, నాలుగు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. ఆ దిగడమే అసలు వ్యాయామం. కదలకుండా నిలిచి ఉండే సైకిలు దొరికితే సీటు ఎత్తుగా పెట్టి తొక్కించండి, చాలా మేలు చేస్తుంది. పిరుదుల కండరాలను మరిచిపోకండి, అవి బలహీనంగా ఉంటే మోకాలు లోపలికి వాలుతుంది. గొంతుక్కూర్చోవడం, ఒంటికాలి మీద తిరగడం మాత్రం ప్రస్తుతానికి మానాలి.

ఎంత నొప్పి సరే అని అమ్మగారు అడుగుతారు. చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉండవచ్చు. మర్నాడు అదే వేళకు నొప్పి గానీ వాపు గానీ పెరిగి ఉంటే ముందురోజు మోతాదు ఎక్కువైందన్నమాట. మానేయకండి, సగానికి తగ్గించండి.

నెదర్లాండ్స్‌లో 45 నుంచి 70 ఏళ్ల మధ్యవారు 321 మందితో చేసిన పరీక్షలో ఫిజియోథెరపీ వారికి ఇచ్చినవి ఎనిమిది వారాల్లో 16 తరగతులు. రెండేళ్ల తర్వాత మోకాలు పనితనంలో ఆపరేషన్ వారికి వీరు తీసిపోలేదు. అయితే నిజం మొత్తం చెప్పాలి. వీరిలో నూటికి 29 మంది ఆ రెండేళ్లలో నొప్పి తగ్గక ఆపరేషన్ చేయించుకున్నారు. వ్యాయామం అందరికీ సరిపోతుందని నేను చెప్పను. ముందు దాన్ని సరిగ్గా చేసి చూడాలని చెబుతాను. రెండు వారాలు చేసి ‘ఫిజియో పనిచేయలేదు’ అంటూ వచ్చేవారిని చూస్తే బాధేస్తుంది.

మరో మాట. బీపీ, షుగరు ఉన్నాయన్నారు కాబట్టి నొప్పి మాత్రలు సొంతంగా వారాల తరబడి వేయకండి. మూత్రపిండాలకూ కడుపుకూ దెబ్బ, బీపీ కూడా పెరుగుతుంది. పైన రాసే డైక్లోఫెనాక్ జెల్ గురించి డాక్టరును అడగండి, అది రక్తంలోకి చాలా తక్కువ చేరుతుంది. మోకాలు ఎర్రగా, వేడిగా మారి జ్వరం వచ్చినా, పిక్క ఉబ్బి నొప్పి పెట్టినా ఆగకుండా అదే రోజు డాక్టరుకు చూపించండి.

వెనకబడిన అడుగు:

పైన ఇద్దరూ రాసినది చదివి ఊరుకోలేక రాస్తున్నాను. మీరు వ్యాయామం మొదలుపెట్టే ముందు దయచేసి రిపోర్టులో ఒక్క మాట వెతకండి. ‘రూట్’ అనే మాట.

నాకు 59 ఏళ్లప్పుడు మెట్లు దిగుతూ ఆఖరి మెట్టు దగ్గర మోకాలి వెనక టప్పుమని శబ్దం వచ్చింది. పక్కన నడుస్తున్న మా అక్కయ్యకు కూడా వినపడింది. ఒక్కసారిగా కాలు కూలిపోయింది. ఎమ్మారైలో మెనిస్కస్ చిరిగిందన్నారు. ఈ వయసులో మామూలే, వ్యాయామం చేయండి అన్నారు. చేశాను. నాలుగు నెలలు ఒక్కరోజు మానలేదు. నొప్పి తగ్గకపోగా రాత్రిళ్లు ఎముకలో పోటు మొదలైంది. రెండోసారి వేరే చోట ఎమ్మారై తీస్తే అప్పుడు తెలిసింది. నా మెత్త మధ్యలో చిరగలేదు, ఎముకకు పట్టి ఉండే వేరు దగ్గరే ఊడిపోయింది. మొదటి రిపోర్టులోనూ ఆ మాట ఉంది. నాకు అర్థం కాలేదు, చూసినవారు పట్టించుకోలేదు.

వేరు ఊడితే మెత్త మొత్తం పక్కకు జారిపోతుంది, రిపోర్టులో ‘ఎక్స్‌ట్రూజన్’ అని రాస్తారు. అప్పుడది బరువు మోయదు. మెత్త పూర్తిగా తీసేసినట్టే లెక్క. అరుగుదల చాలా వేగంగా వస్తుంది. మృదులాస్థి ఇంకా బాగా ఉండి, కాలు వంకర తిరగకుండా ఉన్నవారికి ఆ వేరును తిరిగి ఎముకకు బిగించి కుట్టే ఆపరేషన్ ఉంది. తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు కాలి మీద పూర్తి బరువు మోపనివ్వరు, కోలుకోవడానికి నెలలు పడుతుంది, అయినా మోకాలు దక్కే అవకాశం ఉంటుంది. నాకు ఆ అవకాశం పోయింది. తెలిసేసరికి లోపలివైపు గుజ్జంతా అరిగిపోయి ఎముకలు రాసుకుంటున్నాయి. 62వ ఏట మోకాలు మార్పిడి చేయించుకున్నాను. ఇప్పుడు బాగానే నడుస్తున్నాను. కానీ ఆ నాలుగు నెలలు తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇది భయపెట్టడానికి రాయలేదు. మీ అమ్మగారికి శబ్దం వచ్చిందా అడగండి. నిలబడి తీసే ఎక్స్‌రే తీయించారా? పడుకోబెట్టి తీస్తే కీలు మధ్య ఖాళీ ఉన్నట్టే కనపడుతుంది, బరువు పడినప్పుడు ఎంత మిగిలిందో తెలియదు. నాకు మొదట తీసినది పడుకోబెట్టి తీసినదే.

కిటికీ పక్క కుర్చీ:

మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అక్కా, మీ మాట చదివిన వెంటనే రిపోర్టు తీసి ప్రతి అక్షరం చదివాను. రూట్ గురించి ‘చెక్కుచెదరలేదు’ అని ఉంది. ఎక్స్‌ట్రూజన్ అన్న మాట లేదు. శబ్దమేమీ రాలేదని అమ్మ చెప్పింది. అయినా రెండో డాక్టరుకు ఆ ఎమ్మారై ఫిల్ములు మళ్లీ చూపించి, నిలబడి ఎక్స్‌రే తీయించాం. కీలు మధ్య ఖాళీ కొద్దిగా తగ్గింది తప్ప అరుగుదల మరీ ముదరలేదన్నారు. ఆపరేషన్ తేదీ రద్దు చేసుకున్నాం.

తొడలు కొలిచాను. కుడివైపు దాదాపు రెండు సెంటీమీటర్లు తక్కువ. టేపు చూపిస్తే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే కాలు స్టూలు మీద నుంచి దించింది.

ఇంకో సందేహం. నొప్పి తట్టుకోలేకపోతే మోకాలిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేస్తామన్నారు. చేయించవచ్చా? అప్పుడప్పుడు మోకాలు పట్టేసినట్టుంది అని కూడా అంటోంది. అచ్చుగది గారు చెప్పిన ‘ఇరుక్కుపోవడం’ అంటే ఇదేనా?

తెరుచుకున్న తలుపు:

పట్టేయడం గురించి నేను చెప్పగలను. నాకు 61 ఏళ్లప్పుడు మోకాలు నిజంగానే ఇరుక్కుపోయింది. కారు దిగుతుంటే మడత పడిన కాలు మడత పడినట్టే ఉండిపోయింది. బలవంతంగా చాపబోతే లోపల ఏదో చెక్క ముక్క అడ్డుపెట్టినట్టు ఆగిపోయేది. నాలుగు రోజులు కాలు తిన్నగా కాలేదు. మెనిస్కస్ పొడవునా చిరిగి, బకెట్ పిడిలా లేచి కీలు మధ్యకు వచ్చి పడిందని చెప్పారు. అలాంటప్పుడు వ్యాయామం చేసి లాభం లేదు. ఆర్థ్రోస్కోపీ చేసి ఆ ముక్క తీశారు, అదే సాయంత్రం కాలు తిన్నగా అయింది. ఆరు వారాల్లో మామూలుగా నడిచాను. ఆపరేషన్ అనవసరమని అందరూ అంటుంటే నాలాంటివారు భయపడి ఆలస్యం చేస్తారని ఈ మాట చెబుతున్నాను.

మీ అమ్మగారికి పట్టేసిన తర్వాత కాసేపు కదిలిస్తే వదిలేస్తోందా? పడుకోబెట్టి చూస్తే మోకాలు వెనుక భాగం మంచానికి ఆనుతోందా? ఆనుతుంటే అది నాకు వచ్చినది కాదు. నొప్పికి కండరం బిగుసుకుని పట్టేసినట్టు అనిపించడం చాలామందికి ఉంటుందట.

అచ్చుగది:

నడక నేర్పే అమ్మాయి నన్ను సరిదిద్దినందుకు సంతోషం. నిజమే, నేను కుంటుతూ నడిచి నడుము నొప్పి కూడా తెచ్చుకున్నాను. ఆ సంగతి రాయడం మరిచాను.

ఇంజెక్షన్ నేను ఒకటి చేయించుకున్నాను, రెండో నెలలో. తువ్వాలు కూడా నొక్కలేనంత నొప్పిగా ఉన్న వారమది. రెండు రోజుల్లో తేలికపడింది, ఆ తేలిక అయిదు వారాలుంది. ఆ అయిదు వారాలూ వ్యాయామం మోతాదు పెంచుకున్నాను కాబట్టి నాకు పనికొచ్చిందనే అంటాను. నాకూ షుగరు ఉంది. ఇంజెక్షన్ తర్వాత మూడు రోజులు మామూలు కన్నా బాగా పెరిగింది. డాక్టరు ముందే చెప్పబట్టి రోజూ చూసుకున్నాను. అమ్మగారికి చేయిస్తే మీరూ ఆ వారం తప్పకుండా చూడాలి.

మళ్లీ మళ్లీ చేయించుకోవడం మాత్రం వద్దు. మోకాలి అరుగుదల ఉన్న 140 మందికి రెండేళ్లపాటు మూడు నెలలకొకసారి సగం మందికి స్టెరాయిడ్, సగం మందికి ఉప్పునీరు ఎక్కించి చూశారు. 2017లో వచ్చిన ఆ ఫలితాల్లో స్టెరాయిడ్ తీసుకున్నవారికి మృదులాస్థి ఎక్కువగా పోయింది. రెండేళ్లయ్యాక నొప్పిలో చూస్తే తేడా లేదు. నా డాక్టరు రెండోది అడిగితే ఇవ్వనన్నారు. అప్పుడు కోపం వచ్చింది, ఇప్పుడు ఆయన మీద గౌరవం ఉంది.

బరువు సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను ఏడాదిలో ఆరు కిలోలు తగ్గాను. ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో లెక్కగట్టారు. నడిచే అడుగులన్నీ కలుపుకుంటే అది ఎంత పెద్ద మొత్తమో చూడండి. అమ్మగారు బరువుగా ఉన్నారో లేదో మీరు రాయలేదు, సన్నగా ఉంటే ఈ మాట వదిలేయండి.

కిటికీ పక్క కుర్చీ:

తొమ్మిది వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. ఇన్నాళ్లూ రాయనందుకు క్షమించండి, చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే రాద్దామని ఆగాను.

పడుకోబెడితే అమ్మ మోకాలు మంచానికి పూర్తిగా ఆనుతోంది. పట్టేయడం నెల నుంచి లేదు. ఇంజెక్షన్ అవసరం పడలేదు, జెల్‌తోనే గడిచింది. మొదటి మూడు వారాలు మాత్రం ఇద్దరం చాలా ఇబ్బంది పడ్డాం. ఒకరోజు ఆమె ‘నాకు ఆపరేషనే చేయించెయ్’ అని ఏడ్చింది. ఆ రాత్రి అచ్చుగది గారి డైరీ సంగతి మళ్లీ చదివి వినిపించాను. మర్నాటి నుంచి తనూ రాయడం మొదలుపెట్టింది. తను మూడు అంకెలతో సరిపెట్టుకోలేదు. ‘తొడ బిగిసింది’, ‘ఈరోజు బిగియలేదు, నిద్ర సరిపోలేదు’ అని వాక్యాలు రాస్తుంది. ఆరో వారంలో ఒక పేజీలో ‘పెట్టె కోసం తిరగలేదు, పాదం తిప్పి తర్వాత తిరిగాను’ అని ఉంది. చదివి నాకు కళ్లు చెమర్చాయి.

తొడల మధ్య తేడా ఇప్పుడు సెంటీమీటరు లోపే. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పన్నెండుసార్లు లేస్తోంది. ఇరవై అయిదు నిమిషాలు కుంటకుండా నడుస్తోంది, కర్ర వదిలేసింది. బీరువా కింది అరలో పుస్తకాలను పైకి మార్చేశాను, కింద ఇప్పుడు ఖాళీ.

మిగిలింది మెట్లు దిగడం. ఎక్కడం బాగానే ఉంది. దిగేటప్పుడు ఇప్పటికీ లోపలివైపు గుచ్చినట్టవుతుంది, రెండు పాదాలూ ఒకే మెట్టు మీద పెట్టి దిగుతోంది. డాక్టరును మళ్లీ కలవడానికి ఇంకా మూడు వారాలుంది. ఈలోగా ఏమైనా చేయించాలా?

నడక నేర్పే పని:

దిగడం అన్నింటికన్నా ఆఖరున వస్తుంది, ఆందోళన పడకండి. ఒంటికాలి మీద ఒంటి బరువంతా ఆపుతూ మోకాలు వంచాల్సిన పని అది. అప్పటిదాకా రోజువారీ మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకుని కుడి కాలు ముందు దించమనండి, ఎక్కేటప్పుడు ఎడమ కాలు ముందు.

వ్యాయామంగా మాత్రం ఇలా చేయించండి. మామూలు మెట్టులో సగం ఎత్తున్న, కదలని పీట ఒకటి గోడ పక్కన పెట్టండి. కుడి కాలు దాని మీద ఉంచి, ఎడమ మడమ నేలకు తాకేదాకా నెమ్మదిగా దిగి, మళ్లీ లేవాలి. నేలకు మడమ తాకాలి కానీ బరువు మోపకూడదు. కుడి మోకాలు బొటనవేలి వైపు లోపలికి వాలిపోతుంటే ఆపేసి ఎత్తు ఇంకా తగ్గించండి. ఎదురుగా నిలువుటద్దం ఉంటే ఆమే చూసుకోగలరు. ఎనిమిదిసార్లు, కాసేపు ఆగి మళ్లీ ఎనిమిది. రోజు విడిచి రోజు చాలు. రెండు వారాల తర్వాత డైరీలో ఏం రాశారో ఇక్కడ పెట్టండి, దాన్ని బట్టి ఎత్తు పెంచుదాం.